మరిచిపోయిన పన

ఎదోము వాళ్ళు మా ఊరి కింది గుహల్లో దిగారని నా భర్త ఇద్దో వచ్చి చెప్పినప్పుడు నేను రొట్టెలు కాలుస్తున్నాను. నలభై మంది దాకా ఉంటారట. ఆడవాళ్ళు, ముసలివాళ్ళే ఎక్కువట. కోసినచోట పొలాల్లో రాలిన పరిగె ఏరుకుంటామని మా పెద్దల్ని బతిమాలుకున్నారట. అది విని నాకు నవ్వొచ్చింది. ఎన్నేళ్ళయిందో అలా కడుపారా నవ్వి. ఈలోగా రొట్టె మాడిపోయింది. మాడిన రొట్టె ఇద్దోకే పెట్టాను, ఆయన తినేశాడు.

బబులోను కల్దీయులు యెరూషలేమును తగలబెట్టిన ఏడు నాకు పన్నెండేళ్ళు. దానికి ఇప్పటికి ముప్పై నాలుగేళ్ళు. అమ్మ ముట్టడిలోనే ఆకలికి పోయింది, నాన్న గోడ మీద కాపలా కాస్తూ పోయాడు. మా అన్న పెలట్యాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. గోడ కూలిన చోటు నుంచి నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. రెండు రోజులు దక్షిణంగా నడిచాం. నాలుకలు పిడచగట్టుకుపోయాయి. హెబ్రోను దాటాక దారులు చీలే చోట కొంతమంది మగవాళ్ళు నిలబడి కనిపించారు. వాళ్ళ మాట విని ఎదోము వాళ్ళని అన్న పోల్చుకున్నాడు. నేను భయపడ్డాను. అన్న మాత్రం హమ్మయ్య అనుకున్నాడు.

"పరాయివాళ్ళు కాదే పిచ్చీ. మన మూలపురుషుడి అన్న ఏశావు సంతతి. మన పెదనాన్న పిల్లలు," అన్నాడు.

నన్ను ఒక ముళ్ళపొద వెనక కూర్చోబెట్టి, కదలకు, నీళ్ళు తెస్తానని చెప్పి వెళ్ళాడు. రెండు చేతులూ చాపి, అన్నా కాసిని నీళ్ళు పొయ్యండని అడిగాడు. వాళ్ళలో ఒకడు తోలుతిత్తి పైకెత్తి చూపించి రా రా అన్నాడు. అన్న దగ్గరికి వెళ్ళగానే ఇద్దరు వెనక నుంచి పట్టుకుని చేతులు కట్టేశారు. తిత్తి పట్టుకున్నవాడు అటు తిరిగి దాన్ని ఎత్తి తనే తాగాడు. నాకు వాడి వీపు కనపడింది గానీ మొహం కనపడలేదు. మధ్యాహ్నానికి కల్దీయుల సిపాయిలు వచ్చారు. తాడుకు కట్టిన మనుషుల వరసలో మా అన్నను కూడా కట్టి తోలుకుపోయారు. అన్న ఒక్కసారి కూడా పొద వైపు తిరగలేదు. తిరిగితే వాళ్ళ చూపు కూడా ఇటు పడుతుందని తిరగలేదు. అంత చిన్న సంగతి నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. అందాకా అన్న మీద కూడా కోపంగానే ఉన్నాను.

తర్వాత మా మేనత్త ఊరైన ఈ ఊరికి చేరాను. ద్రాక్షతోటలకూ పొలాలకూ మనుషులు కావాలని కల్దీయులు మాలాంటి బీదవాళ్ళను కొందరిని వదిలిపెట్టారు. ఇక్కడే పెళ్ళయింది, ఇక్కడే ముగ్గురు పిల్లల్ని కని ఇద్దరిని పూడ్చిపెట్టాను. ఏటా అయిదో నెలలో నగరం కాలిన రోజున ఊరంతా ఉపవాసం ఉంటాం. ఆ రోజున మా ఊరి పెద్ద గెమర్యా ప్రవక్తల మాటలు చదివి వినిపిస్తాడు. ఎదోము చేసింది ఎదోము నెత్తికే వస్తుందనీ, రాతి కొండల్లో ఎంత ఎత్తున ఇళ్ళు కట్టుకున్నా దేవుడు కిందికి లాగుతాడనీ, ద్రాక్షలు కోసేవాళ్ళయినా నాలుగు గెలలు వదులుతారు గానీ ఎదోముకు అదీ మిగలదనీ చదువుతాడు. జనమంతా ఆమేన్ అంటారు. అందరికంటే పెద్దగా అనేది నేనే. గొంతు బొంగురుపోతుంది. మర్నాడు ఇద్దో తేనె కలిపిన నీళ్ళిస్తాడు.

ఈ ఏడు ఆ మాట జరిగింది. బబులోను రాజు ఎడారి మీదికి పోతూ పోతూ ఎదోము కొండ మీద పడ్డాడు. ఒకనాడు వీళ్ళు ఎవరికైతే మమ్మల్ని పట్టి ఇచ్చారో ఆ బబులోనే. ఊళ్ళు కాల్చాడు. మిగిలిన ఊళ్ళను ఎడారి తెగలవాళ్ళు పంచుకున్నారు. ఆ వార్త విన్న రోజు ఇంటి కప్పు మీదికెక్కి దక్షిణం వైపు చూస్తూ పొద్దుగూకేదాకా నిలబడ్డాను. పొగ ఏమీ కనపడలేదు, అంత దూరానిది ఎలా కనపడుతుంది. నిలబడ్డానంతే.

ఇప్పుడు వాళ్ళే వచ్చి నా పొలంలో పరిగె ఏరుకుంటారట.

మా ధర్మం ఇది. పొలం మూలలు కొయ్యకూడదు. కోసేటప్పుడు రాలిన వెన్నులు మళ్ళీ ఏరుకోకూడదు. కోసి కట్టిన పనల్లో ఒకటి పొలంలో మరిచిపోతే దానికోసం వెనక్కి పోకూడదు. మూలలూ, పరిగే, మరిచిపోయిన పనా పరదేశికీ, దిక్కులేనివాడికీ, విధవకూ చెందుతాయి. మొదటి రెండూ ఎవరైనా చెయ్యొచ్చు. మూడోది చేద్దామనుకుంటే కుదరదు. కావాలని వదిలింది మరిచిపోయినట్టు కాదు, నిజంగా మరిచిపోవాలి. మా పొలంలో అది ఒక్క ఏడు కూడా జరగలేదు. ఏ పన ఎక్కడుందో, ఏది బరువో, ఏది తేలికో కళ్ళు మూసుకుని చెప్పగలను. నా వెనక నడిస్తే చీమలకు కూడా పస్తేనని కోత కోసే ఆడవాళ్ళు ఎగతాళి చేస్తారు. మరుపు అనేది నాకు లేదు. ఉంటే ముప్పై నాలుగేళ్ళలో కాస్తయినా నిద్రపోయేదాన్ని.

కోత మొదటి రోజే కొడవలి తీసుకుని నాలుగు మూలలూ నేనే నున్నగా కోసేశాను. ఆ తర్వాత బుట్ట నడుముకు కట్టుకుని, కోసేవాళ్ళ వెనకే వంగి రాలిన ప్రతి వెన్నూ ఏరాను. తిరిగి లేచేసరికి నడుము పట్టేసింది. కూలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దో ఒక్కసారి "ఒసే అటారా" అన్నాడు. నేను తలెత్తి చూశాను. ఆయన కొడవలి నూరుకోవడానికి వెళ్ళిపోయాడు.

గుహల నుంచి వచ్చే కాలిబాట మా పొలం అంచునే పోతుంది. ఆ అంచున ఒక పెద్ద బండరాయి, దాని పక్కన కాస్త నీడ ఉన్నాయి. రోజూ పొద్దున్నే ఒక ఎదోము ఆడమనిషి గుడ్డి ముసలాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ నీడలో కూర్చోబెట్టేది. మహేతబేలు ఆమె పేరనీ, ఆ ముసలాడు ఆమె మామ శమ్లా అనీ కూలివాళ్ళు చెప్పుకోగా విన్నాను. మామను అక్కడుంచి ఆమె పరిగెకు వెళ్ళేది. మొదటి రోజు నా పొలంలోకి వచ్చింది. ఇటు చివర నుంచి అటు చివరదాకా వంగి చూసుకుంటూ నడిచి, ఒట్టి చేతులతో నిలబడింది. నన్ను చూసింది. పక్క పొలంలోకి పోయింది. నా కడుపు చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు, ఇంకా మండింది. తిట్టి ఉంటే బాగుండేది.

సంగతి గెమర్యా చెవిన పడింది. సాయంత్రం ఊరి కళ్ళం దగ్గర, అందరూ పనలు దింపుతున్న వేళ, కర్ర ఊతంగా నడిచొచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆయన కొడుకులిద్దరూ బబులోనుకు పోయే దారిలోనే చచ్చిపోయారు. అందుకే ఆయన ముందు నేను గొంతు పెంచను. ఆ రోజు పెంచాను.

"పొలం మూలలు ఎవరు కోశారమ్మా?" అన్నాడు.

"నేనే బాబాయ్."

"అవి నీవి కావు గదా."

"ఎదోముకు ఒక్క గింజ కూడా మిగలదని ఏటేటా చదివేది నువ్వే గదా బాబాయ్. జరిగితే తప్పొచ్చిందా?"

"అది చేసేది దేవుడు. ఆయన నిన్నేమన్నా కూలికి పిలిచాడా?"

"పిలవకపోయినా వస్తా. కూలి కూడా అక్కర్లేదు."

ఎవరో నవ్వి ఆపేసుకున్నారు. గెమర్యా నవ్వలేదు. ఎదోము వాణ్ణి అసహ్యించుకోవద్దు, వాడు నీ అన్న అని మోషే చెప్పిన మాట గుర్తు చేశాడు.

"ఆ మాట నమ్మే మా అన్న పోయాడు బాబాయ్," అన్నాను.

గెమర్యా కర్ర మొన వైపు చూశాడు. ఆఖరికి, నిన్ను ఒప్పించే శక్తి నాకు లేదనీ, కానీ మూలలు కోసినదాని పంటలో నుంచి తొలి రొట్టె దేవుడికి తాను ఎత్తననీ చెప్పి వెళ్ళిపోయాడు. అంటే ఊరి కానుకల్లో మా ఇంటి రొట్టె ఉండదు. అలాంటి మాట మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఇద్దో రాత్రి అన్నం దగ్గర కూడా తలెత్తలేదు. నాకు సిగ్గనిపించలేదు, ఒళ్ళు మండింది. మా అన్న చేతులు కట్టినవాళ్ళకు ఎవరూ ఏ రొట్టే ఆపలేదు గదా అనుకున్నాను.

కోత ఆఖరి రోజు వచ్చింది. పనలన్నీ కట్టడం అయిపోయింది. ఇద్దో గాడిదతో మొదటి మోపు కళ్ళానికి తీసుకుపోయాడు. బండరాయి పక్కన ఒక పన పెట్టి నేను నీళ్ళకుండ దగ్గరికి వెళ్ళాను. గుడ్డి ముసలాడు ఎప్పటిలాగే నీడలో కూర్చున్నాడు. కుండ చప్పుడు విని తలెత్తి, "కాసిని నీళ్ళుంటే పొయ్యమ్మా," అన్నాడు.

ఆ మాట ఎదోము యాసలో వినపడేసరికి నా చెయ్యి కుండ మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళు ఏ ఎదోము వాడితోనూ నేను మాట్లాడలేదు. పొయ్యనూ లేదు, పోనూ లేదు. యెరూషలేము కాలిన ఏడు నువ్వెక్కడున్నావని అడిగాను. కొండ మీద ఉన్నానంటాడు, చిన్నవాణ్ణంటాడు, అబద్ధం చెబుతాడు అనుకున్నాను. అప్పుడు వాణ్ణి ఏమని తిట్టాలో కూడా సిద్ధంగా ఉంది.

"దారులు చీలే చోట ఉన్నానమ్మా," అన్నాడు. "హెబ్రోను అవతల. మా కొండ మీది పడుచువాళ్ళం చాలామందిమి అక్కడే ఉన్నాం."

బండ పట్టుకుని నిలబడ్డాను. ఒక కుర్రాడు వచ్చాడా, పంతొమ్మిదేళ్ళవాడు, ఎడమ కనుబొమ మీద గాటు, చేతులు చాపి మిమ్మల్ని అన్నా అని పిలిచి నీళ్ళడిగాడా అని అడిగాను. ఆ గాటు నేను చిన్నప్పుడు రాయి విసిరి చేసింది. ఆ మాట మాత్రం వాడికి చెప్పలేదు.

ముసలాడు నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిచి, తెల్లబడిన కళ్ళు అటూ ఇటూ తిప్పి వెతికాడు. అది నేను చూశాను.

"అందరూ నీళ్ళే అడిగారమ్మా," అన్నాడు. "గుర్తులేదు."

తన కొడుకులనూ అలాగే పట్టించారని ఆ తర్వాత చెప్పాడు. వాళ్ళతో కూర్చుని రొట్టె తిన్న ఎడారి వాళ్ళే కనుమ దగ్గర కాపు కాసి బబులోనుకు అప్పగించారట. అందులో జాలి అడుక్కునే ధోరణి లేదు. నిన్న ఎండ ఎక్కువగా ఉందన్నట్టు చెప్పాడు. నేను సగమే విన్నాను. గుర్తులేదు అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని నేను పన్నెండు వేల సార్లయినా చూసి ఉంటాను. తిత్తి మీది కుట్టు ఎటు పోయిందో నాకు తెలుసు. నీళ్ళు వాడి మోచేతి మీది నుంచి ఎక్కడెక్కడ కారాయో తెలుసు. చేసినవాడికి గుర్తులేదు. దేవుడు వాడి ఇల్లు కాల్చాడు, కొడుకుల్ని తీసుకున్నాడు, కళ్ళు తీసుకున్నాడు. కానీ ఎందుకు పోగొట్టుకున్నాడో వాడికే గుర్తులేకపోతే ఆ తీర్పు ఎవరికి ఇచ్చినట్టు? గాడిద తిరిగి వచ్చింది. కనపడిన పనలన్నీ విసిరి విసిరి ఎక్కించాను. నెమ్మదిగా అని ఇద్దో అంటున్నా వినలేదు. గాడిదను అదిలిస్తూ ఊళ్ళోకి వచ్చేశాను.

కళ్ళంలో పనలు పేర్చేటప్పుడు తెలిసింది. మా కుప్ప ఆఖరి వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. బండ పక్కన పెట్టిన పన రాలేదు. కొంతసేపు నాకు అర్థం కాలేదు. ఇద్దోకు ముందు అర్థమైంది. పక్క కళ్ళం ఆడవాళ్ళకూ అర్థమైంది. అటారా పన మరిచిపోయిందట అని ఒకావిడ ఇంకొకావిడతో అంది. ఏదో వింత పుట్టినట్టు అందరూ నా వైపు తిరిగారు.

"వెనక్కి వెళ్ళకూడదే," అన్నాడు ఇద్దో.

వెళ్ళాను. గెమర్యా చూస్తూ ఉండగానే, పైట నడుముకు దోపుకుని పరుగెత్తాను. నలభై ఆరేళ్ళ మనిషిని, రాళ్ళ దారిలో చెప్పులు జారిపోతున్నా ఆగలేదు. దారంతా దేవుడితో దెబ్బలాడుతూనే ఉన్నాను. ముప్పై నాలుగేళ్ళలో నేనేదీ మరిచిపోలేదు, మరిపించడానికి నీకు ఈ పూటే దొరికిందా అన్నాను. మరిచిపోనివ్వమని నిన్ను వేడుకున్న రోజులున్నాయి, అప్పుడు పలకలేదు, ఇప్పుడు వీళ్ళకోసం పలికావా అన్నాను.

పొద్దు కొండ మీదికి దిగింది గానీ వెలుతురు బాగానే ఉంది. పన పెట్టినచోటే ఉంది. మహేతబేలు ఎండిన కొమ్మ పట్టుకుని దాని పక్కన నిలబడి, మీదికి వచ్చే మేకల్ని తోలుతోంది. ముసలాడు బండకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె ఒడిలో పక్క పొలంలో ఏరిన పరిగె రెండు గుప్పిళ్ళు కూడా లేదు.

"పన మరిచిపోయావమ్మా," అంది. "మేకలు పడతాయని చూస్తున్నా."

మీరే తీసుకోవచ్చు గదా అని అడిగాను. అది ప్రేమగా అడిగింది కాదు, తప్పు పట్టుకుందామని అడిగింది.

"మామ ముట్టుకోవద్దన్నాడు. దొంగలంటారు. ఇక్కడి నుంచీ తరిమితే ఎక్కడికి పోవాలి?"

ముందుకెళ్ళి పన మీద చెయ్యి వేశాను. కట్టిన తాడు నేను వేసిన ముడే. గట్టిగా లాగాను, లేవలేదు. బరువు కాదు. నా చెయ్యే లేవలేదు. కల్దీయులు మా గోడ పడగొట్టిన రోజున ఎదోము వాళ్ళు గుమ్మాల్లో దూరి, పడిపోయినవాళ్ళ ఇళ్ళల్లో చేతికందింది పట్టుకుపోయారు. ఆ తప్పును ప్రవక్త ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఇప్పుడు ఈ పన నాది కాదు. కళ్ళంలో ఖాళీ కనపడిన క్షణం నుంచే నాది కాదు. ఎత్తుకుపోతే, పడిపోయినవాళ్ళ సొత్తు ఎత్తుకుపోయినదాన్ని నేనవుతాను. నా సొంత పొలంలో, నా చేత్తో కోసిన గోధుమలకు దొంగనవుతాను. వీళ్ళు దీన్ని ముట్టుకోనైనా లేదు, ఆనాటి ఎదోము వాళ్ళలా అయ్యేది నేనొక్కదాన్నే. ఆ తెలివి వచ్చేసరికి నాకు ఏడుపు రాలేదు, పళ్ళు పటపట కొరికాను.

పన మీద నుంచి చెయ్యి తియ్యకుండానే ముసలాడి ముందు కూర్చున్నాను.

"ఇది నీది," అన్నాను. "మా ధర్మం నీకిమ్మంది, నేను కాదు. నేనైతే ఇవ్వను. నేను నిన్ను క్షమించలేదు, అది కూడా విను."

ముసలాడు తల ఊపాడు. మహేతబేలు కొమ్మ కింద పెట్టింది.

"ఆ కుర్రాడి పేరు పెలట్యా. గాటు ఎడమ కనుబొమ మీద. ఈ గోధుమలు తిన్నన్నాళ్ళూ ప్రతి ముద్దకు ముందూ ఆ పేరు చెప్పు. నువ్వు మరిచిపోయావు గదా. ఇక నుంచి నువ్వే గుర్తుపెట్టుకో."

మా ధర్మంలో ఇలాంటి షరతు ఎక్కడా లేదు. పరదేశికి ఇచ్చేది ఏమీ అడక్కుండా ఇవ్వాలి. గెమర్యా వింటే ఇది కూడా తప్పే అంటాడు. అననీ. మూలలు వచ్చే ఏడు వదులుతాను, పరిగె వదులుతాను, ఆయన ముందు తలవంచుతాను. ఇది మాత్రం వదలను.

"చెప్పు," అన్నాను.

ముసలాడు పెదవులు తడుపుకుని చెప్పాడు. వాడి యాసలో నడిమి అక్షరం ఎగిరిపోయింది. అలా కాదని మళ్ళీ చెప్పించాను. రెండోసారి చివర తప్పింది. మా అన్నకు అక్కడ రెండో అవకాశం ఎవరూ ఇవ్వలేదు, వీడికి ఎన్నయినా ఇస్తాననుకున్నాను.

మూడోసారి సరిగ్గా పలికాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ పేరు నా నోట తప్ప ఇంకొకరి నోట నేను వినలేదు. అప్పుడు పన మీద నుంచి చెయ్యి తీసి లేచాను. పొద్దున అక్కడే వదిలేసిపోయిన కుండలో మిగిలిన నీళ్ళు ముసలాడి దోసిట్లో పోసి, ఖాళీ కుండ పట్టుకుని ఇంటికి వచ్చాను.